పై బిళ్ళ

భైంసా,
1962 అక్టోబరు

అనసూర్యా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయలేదని కోపం పెట్టుకోకు. ఈసారి వానలు సమయానికి పడ్డాయి. మా నల్లరేగడిలో పత్తి నడుమెత్తు పెరిగి కాయ పట్టింది. ఆయన పొద్దున జిన్నింగు మిల్లుకు పోతే మాపటికి గాని రాడు. కలుపు తీయించడం దగ్గర నుంచి కూలోళ్ళను పిలుచుకురావడం దాకా అన్నీ నా నెత్తినే. కనక తొమ్మిదో తరగతికి వచ్చింది. నిర్మల్లో మనం చదివినట్టు ఉర్దూలో కాదు, తెలుగులోనే చదువుతోంది. లెక్కలు నాకంటే తొందరగా చేస్తుంది. వంట మాత్రం వాళ్ళ బాపు చేసినంత కూడా చేయదు.

ఇక అసలు సంగతి. నా ఎడమ రొమ్ములో ఒక గడ్డ ఉంది. మొదట శనగగింజంత ఉండేది, ఇప్పుడు రేగుపండంత అయింది. నొప్పి లేదు. దాని మీది తోలు మాత్రం లోపలికి గుంజినట్టు గుంట పడుతోంది. చంకలో ఒక బిళ్ళ కూడా చేతికి తగులుతోంది. నొప్పే లేనిదానికి డాక్టరెందుకని ఊరుకున్నాను. మొన్న తలంటుకుంటుంటే మా అత్త చూసింది. నీకు తెలుసు కదా పోశవ్వ సంగతి, ఊరుకునే మనిషి కాదు. "గిదేందే సక్కూ, గింత గడ్డ పెట్టుకొని గమ్మునున్నవు? నీ దోస్తు డాక్టరమ్మ గదా, గామెకు రాయి" అని రోజూ వెంటబడుతోంది. ఆమె పోరు పడలేక రాస్తున్నాను.

పుష్యమాసానికల్లా పత్తి ఏరడం అయిపోతుంది. అప్పుడు కరీంనగరం వచ్చి చూపించుకుంటాను. అంతదాకా పైన పూయడానికి ఏదన్నా మందు పంపు.

నీ సక్కుబాయి


కరీంనగరం,
1962 అక్టోబరు

సక్కూ,

మందు పంపను. పూస్తే పోయే గడ్డ కాదది.

నొప్పి లేకపోవడమే నాకు నచ్చలేదు. తోలు గుంట పడడం అసలే నచ్చలేదు. ఇంతకంటే ఉత్తరంలో రాయను, చేతితో చూడకుండా మాట్లాడడం నాకు అలవాటు లేదు. పత్తి ఎవరైనా ఏరుతారు. నువ్వు వెంటనే బయలుదేరు. నిర్మల్, ఆర్మూరు, జగిత్యాల మీదుగా వస్తే సాయంత్రానికి ఇక్కడ ఉంటావు. మా ఇంట్లోనే దిగు. నువ్వొస్తున్నావంటే మా అవ్వకు పండుగే.

నేను కత్తి పట్టే డాక్టరును కానని నీకు గుర్తుందో లేదో. కోసి తీసిన కండముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి, అది ఏ రోగమో చెప్పడం నా పని. ఆపరేషన్లు చేసేది డాక్టర్ దశరథం గారు. మాట పెళుసు, చెయ్యి మంచిది. ఆయనకు నీ సంగతి చెప్పాను. "ఎప్పుడొస్తదో అడుగు, వారం కంటే ఎక్కువ ఆగొద్దను" అన్నారు.

మీ ఆయన, హనుమండ్లు బావను తోడు తీసుకురా. కనకను వాళ్ళ నాయనమ్మ చూసుకుంటుంది.

అనసూర్య


భైంసా,
1962 నవంబరు

డాక్టరమ్మ గారికి,

మా అత్తలాగే నువ్వూ దబాయించావు. నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. అన్నం కలుపుతున్నవాడు చెయ్యి కడుక్కొని లేచిపోయాడు. చాలాసేపటికి వచ్చి, "ఎప్పుడు పోదాం?" అన్నాడు. అంతే, ఇంకేం మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోతే నాకు పరేషాను, అరిచినా బాగుండును.

వస్తాను. కాని నన్ను పసిపిల్లలా చూడొద్దు. అది ఏ రోగమో నాకు తెలుసు. మా మిల్లు శేటు వాళ్ళమ్మకు అదే వచ్చింది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. కొడుకులకు చెప్పారు, అల్లుళ్ళకు చెప్పారు, వాకిలూడ్చే మనిషికి కూడా తెలుసు, ఆమెకు తప్ప. నాకట్లా వద్దు. మత్తులోకి పోయేముందు నన్ను ఏం చేస్తారో, ఏం తీస్తారో, ఎందుకు తీస్తారో నాకు తెలియాలి. మీ దశరథం గారు ఆడవాళ్ళతో మాట్లాడకపోతే నువ్వు మాట్లాడు.

ఇంకోటి. నాకు మత్తిచ్చేటప్పుడు నా చెయ్యి నువ్వు పట్టుకోవాలి. ఆపరేషను అయ్యేదాకా అక్కడే ఉండాలి. ఇదొక్కటి ఒప్పుకుంటే మిగతావన్నీ నీ ఇష్టం.

సక్కుబాయి


కరీంనగరం,
1962 నవంబరు

సక్కూ,

అడిగావు కనుక అన్నీ చెబుతాను.

నీకు మత్తిచ్చాక మొదట ఆ గడ్డలోంచి ఒక ముక్క తీసి నాకు పంపుతారు. అది క్యాన్సర్ కాకపోతే గడ్డ ఒక్కటే తీసి కుట్టేస్తారు. క్యాన్సరే అయితే ఇంకో పని ఉంటుంది. రొమ్ములో పుట్టిన ఈ రోగం బయటికి పాకే దారి చంక గుండానే. అక్కడ బిళ్ళలు కిందినుంచి పైకి వరుసగా ఉంటాయి. అన్నిటికంటే పైది మెడ కింది అడ్డ ఎముక దగ్గర ఉంటుంది. రొమ్ము తీసేముందు దశరథం గారు ఆ పై బిళ్ళను తీసి నాకు పంపుతారు. రోగం కింది బిళ్ళల దాకే వచ్చి ఉంటే రొమ్మూ బిళ్ళలూ అన్నీ కలిపి తీసేయవచ్చు, అందులో లాభం ఉంది. పై బిళ్ళకూ పాకిందంటే ఒంట్లో ఇంకా ఎక్కడెక్కడికో పోయినట్టే. అప్పుడు అంత పెద్ద కోత పెట్టి లాభం లేదు. ఊరికే కుట్టేసి, కరెంటు పెట్టించడానికి, అంటే మిషను కిరణాలతో రోగాన్ని మాడ్పించడానికి, హైదరాబాదు పంపుతారు.

అంటే నీకు మెలకువ వచ్చేసరికి రొమ్ము లేకపోతే అది మంచి కబురని అర్థం. చెప్పడానికే వింతగా ఉంది. అయినా అదే నిజం.

ఆ పై బిళ్ళను చూసి, ఉందో లేదో చెప్పాల్సింది నేను. అందుకే నీ చెయ్యి పట్టుకోలేను. పక్క గదిలో మైక్రోస్కోపు దగ్గర ఉంటాను. ఈ జిల్లాలో ఈ పని చేసేవాళ్ళు ఇంకెవరూ లేరు. ఉంటే వాళ్ళకు అప్పజెప్పి నీ దగ్గరే నిలబడేదాన్ని.

మామూలుగా కండముక్కను మైనంలో పెట్టి గట్టిపరిచి కోస్తాం. దానికి చాలా రోజులు కావాలి, నిన్ను బల్ల మీద అన్ని రోజులు ఉంచలేం కదా. అందుకని గ్యాసు కొట్టి మంచులా గడ్డ కట్టించి కోస్తాం. ఆ గ్యాసు ఏదో తెలుసా, గోలీసోడాలో బుస్సుమనేదే. మా దగ్గర సిలిండరు అయిపోతే సోడా ఫ్యాక్టరీ బాలమల్లునే అడుగుతాం. "ఎవలకమ్మా ఆపరేషను?" అంటాడు. పేరు చెప్పం. "ఎవలైతేంది, బతకాలె" అని రిక్షాలో వేయించి పంపుతాడు.

రా.

అనసూర్య


భైంసా,
1962 నవంబరు

అనసూర్యా,

సరే. చెయ్యి పట్టుకోవడానికి ఆయన ఉన్నాడు. నువ్వు నీ గదిలోనే ఉండు.

నువ్వంత వివరంగా రాసింది రెండుసార్లు చదివాక భయం కొంత తగ్గింది. తెలియని చీకటి కంటే తెలిసిన గుంత నయం, ఎక్కడ అడుగేయాలో తెలుస్తుంది.

ఇంట్లో ఒక పని మిగిలింది. అది తెమలగానే బయలుదేరతాం. ఏం పనని అడగొద్దు. వచ్చే శుక్రవారం సాయంత్రం బస్సుకు చూడు.

సక్కు


హైదరాబాదు,
1963 ఫిబ్రవరి

అనసూర్యా,

ఇక్కడ క్షేమంగానే ఉన్నాను. రోజూ ఉదయం కరెంటు గదికి పోవడం, మిషను కింద కదలకుండా పడుకోవడం, వచ్చి అన్నం తినడం, ఇదే పని. రొమ్ము తీసేసిన చోట తోలు నల్లబడి మంట పెడుతోంది గాని తట్టుకోగలను. చెయ్యి పైకి లేవడానికి ఎడమ చేతి వేళ్ళను గోడ మీద పాకించమన్నారు, రోజుకు కొంచెం పైకి పోతోంది. ఆయన మిల్లుకు సెలవు పెట్టి ఇక్కడే సత్రంలో ఉన్నాడు. నా జడ ఆయనే వేస్తున్నాడు. వార్డులో ఆడవాళ్ళు మొదట నవ్వారు, ఇప్పుడు "మా ఆయనకు గూడ జర నేర్పుమను" అంటున్నారు.

ఇప్పుడు నిన్నొకటి అడగాలి. డిశ్చార్జి నాడు నర్సు కమలవ్వ గేటు దాకా సాగనంపింది. బస్సు కోసం నిలబడితే మెల్లగా అంది: "అక్కా, మీ దోస్తు సారుకు ఎదురు నిలబడకుంటె నిన్ను గట్లనే కుట్టేసి పంపుతుండె. సారు కత్తెర కింద పెట్టిండు. నేను చూసిన." ఏమైందని అడిగేలోపల బస్సు వచ్చింది.

నీ దగ్గర అన్ని రోజులు ఉన్నాను. రోజూ రెండుపూటలా వచ్చావు. ఏమైందని అడిగితే "మంచిగైంది, పండుకో" అని దుప్పటి కప్పావు. ఇంకో అనుమానం కూడా ఉంది. ఇక్కడ నాలాంటి వాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళెవరికీ లేని సూది నాకొక్కదానికి రోజూ ఎందుకు పొడుస్తున్నారు? ఆ పెద్ద పెద్ద గోలీలు ఎందుకు? ఇక్కడి డాక్టరును అడిగితే "మీ కరీంనగర్ డాక్టరమ్మ రాసింది" అంటాడు.

అన్నీ చెబుతానని మాటిచ్చి మత్తులోకి పంపావు. మెలకువ వచ్చాక ఎందుకు దాచావు?

సక్కుబాయి


కరీంనగరం,
1963 ఫిబ్రవరి

సక్కూ,

నీ ఉత్తరం సమయానికే వచ్చింది. నేను ఎదురుచూస్తున్న కబురు నిన్ననే అందింది. కనుక ఇప్పుడు చెప్పవచ్చు.

ఆ రోజు మొదటి ముక్క రాగానే తెలిసిపోయింది. నీ రొమ్ములో ఉన్నది క్యాన్సరే. తలుపు దగ్గరికి వెళ్ళి చెప్పాను. దశరథం గారు తలూపి పని మొదలుపెట్టారు. కాసేపటికి కమలవ్వ తడిగుడ్డలో పై బిళ్ళ పట్టుకొచ్చింది. "సారు చెప్పుమన్నరమ్మా, రాయి లెక్క గట్టిగున్నదట. పాకిందనే అనుకుంటున్నరు. అయినా జర చూడుమన్నరు" అంది.

వేలితో నొక్కి చూశాను, ఆయన చెప్పిందే నిజం. గట్టిగానే ఉంది. గ్యాసు విప్పి గడ్డకట్టించాను. మొదటి పొర చిరిగిపోయింది. రెండోది సరిగ్గా వచ్చింది. నీళ్ళలో తేలుతుంటే గాజు పలక మీదికి ఎత్తి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టాను. కంటికి ఆనించాను. బిళ్ళలో మామూలుగా ఉండాల్సిన చిన్న చిన్న కణాల నడుమ లేతరంగు కణాలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. వేరే చోటి నుంచి వచ్చి కూర్చున్నట్టే ఉంది. అది నీ కండ అని అప్పుడొకసారి గుర్తొచ్చింది. కన్ను తీసేశాను. గోడవైపు చూసి, ఊపిరి పీల్చుకొని మళ్ళీ పెట్టాను.

రెండోసారి తొందరపడకుండా చూశాను. అవి క్యాన్సర్ కణాల్లా పిచ్చిగా లేవు. ఒకదానిపక్క ఒకటి ఒద్దికగా, గుండ్రంగా చేరి ఉన్నాయి. ఆ గుండ్రాల అంచున ఒక పెద్ద కణం కనబడింది. దాని లోపల చుక్కలు గుర్రపు నాడా ఆకారంలో పేర్చినట్టు ఉన్నాయి. పక్కన ఇంకోటి, దాని అవతల మరోటి. ఆ గుర్తు ఏ రోగానిదో మెడికల్ కాలేజీలో మొదటి ఏడు చదివినవాళ్ళు కూడా చెబుతారు. క్షయ. ఊపిరితిత్తులకు వచ్చేదే, బిళ్ళలకు కూడా వస్తుంది.

తలుపు తీసి చెప్పాను. "సార్, గిది క్యాన్సర్ కాదు. క్షయ."

ఆయన తలెత్తలేదు. "రొమ్ముల క్యాన్సరున్న మనిషికి చంకల క్షయ ఎట్లుంటదమ్మా?"

"రెండు రోగాలు ఒక్క మనిషికి రావద్దని ఎక్కడన్న రాసుందా సార్?"

అప్పుడు తలెత్తారు. మూతికి గుడ్డ ఉంది కనుక కళ్ళే కనబడ్డాయి. కోపం లేదు వాటిలో. "అనసూర్యా, నా చేతికి ఎన్ని తగిలినయో నీకెరుకనా? గిసొంటి బిళ్ళ తగిలినంక పాకకుండ ఉన్నది నేను చూడలే. నువ్వు చెప్పింది తప్పైతె గీమెకు ఛాతీ అంతా ఒట్టిగ కోత పడ్తది. లాభం లేదు, బాధ మిగులుతది. ఇప్పుడు కుట్టేస్తె కనీసం ఉన్నన్ని దినాలు సుఖంగ ఉంటది."

"మీ మాట తప్పైతె సార్, బతికే మనిషిని పంపించినట్టైతది."

 మత్తిచ్చే ఆయన నీ నాడి పట్టుకొని మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. కమలవ్వ చూసింది అప్పుడే. దశరథం గారు చేతిలో కత్తెర పళ్ళెంలో పెట్టేశారు. పని ఆపేశారనే అనుకున్నాను.

"ఇంకొక్క బిళ్ళ ఇయ్యిండ్రి సార్" అన్నాను. "దాని పక్కదే. దాంట్ల ఒక్క క్యాన్సర్ కణం కనబడ్డా నేనే కుట్టేయుమంట."

ఆయన నా వైపు తిరిగారు. "నీ దోస్తు గదా. అందుకే గిట్ల అంటున్నవా?"

"దోస్తు కాబట్టే రెండోసారి చూసిన సార్. కానిది చెప్పి నేనెట్ల బతుకుత?"

అప్పుడు కత్తెర మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. రెండో బిళ్ళ ఆయనే నా చేతిలో పెట్టారు. దాన్ని పలచగా చాలా పొరలు కోశాను. ప్రతిదీ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వెతికాను, పొలంలో పోయిన పుస్తె వెతికినట్టు. అన్నిట్లోనూ అదే క్షయ. క్యాన్సర్ కణం ఒక్కటీ లేదు. తలుపు దాకా పోలేదు, అక్కడినుంచే గట్టిగా చెప్పాను. "లేదు సార్. మొదలుపెట్టుండ్రి."

"సరే, నీ కండ్ల మీద నా కత్తి పెడుతున్న" అన్నారు. తర్వాత ఆయన చేసిన పని చూస్తే నువ్వు ఆయనకు మొక్కుతావు. ఒక్క నరం తెగకుండా చంక మొత్తం శుభ్రం చేశారు.

పలకలు కడుగుతుంటే గుర్తొచ్చింది. నిర్మల్లో మనం నాలుగో తరగతిలో ఉన్నప్పుడు నీకు మెడ మీద బిళ్ళలు ఉబ్బి కంఠమాల లేచింది. వైద్యుడు ఏదో లేపనం పూసి గుడ్డ కట్టాడు. ఎన్నో రోజులు బడికి రాలేదు నువ్వు. అది క్షయే, సక్కూ. నీ ఒంట్లో ఏదో మూల అప్పటినుంచీ పడుకుని ఉంది. ఆపరేషను ముందు ఇది నాకు గుర్తొచ్చి ఉంటే దశరథం గారితో వాదించడం తేలికయ్యేది. గుర్తురాలేదు. కంటికి కనబడ్డదాని మీదే నిలబడ్డాను.

ఎందుకు దాచానంటే, తొందరలో గడ్డకట్టించి కోసిన పొర మసకగా ఉంటుంది. నమ్మవచ్చు గాని పూర్తిగా కాదు. మైనంలో పెట్టిన ముక్కలు తయారయ్యాక నేను మళ్ళీ చూశాను. అప్పుడు కూడా నా కన్ను ఒక్కటే చాలదనుకొని, మాకు కాలేజీలో పాఠం చెప్పిన పెద్దాయనకు పలకలు పంపాను. నిన్న ఆయన జవాబు వచ్చింది. పై బిళ్ళలు రెండిట్లో క్షయ తప్ప మరేం లేదు. కింది వరుసలో రెండు బిళ్ళలకు క్యాన్సర్ పాకింది, అవి ఎలాగూ తీసేశారు. అందుకే నీకు కరెంటు. సూదులూ గోలీలూ క్షయకు. మానకుండా వాడితే అది పోతుంది.

ఆయన జవాబు వేరేలా వచ్చి ఉంటే కూడా నీకు చెప్పేదాన్ని. అప్పుడు ఈ ఉత్తరం రాయడం మాత్రం చాలా కష్టమయ్యేది.

అనసూర్య


హైదరాబాదు,
1963 మార్చి

అనసూర్యా,

నీ ఉత్తరం ఆసుపత్రి వరండాలో చదివాను. చదివి నవ్వాను. ఆయన కంగారుపడి "ఏమైందే?" అన్నాడు. ఇంకో రోగం కూడా ఉందని తెలిసి సంతోషపడిన మనిషిని ఈ ఆసుపత్రిలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఆయనకు చదివి చెప్పాను. రొమ్ము తీసేసిన నాడు కూడా ఏడవని మనిషి, స్తంభానికి ఆనుకొని ఏడ్చాడు. ఏడవనిచ్చాను.

నువ్వు దాచింది చెప్పావు కనుక నేను దాచింది కూడా చెబుతాను. కరీంనగరం వచ్చేముందు ఒక పని ఉందని రాశాను కదా. కనక పెళ్ళి కుదిర్చాను. పిల్లవాడు చెన్నూరు రాజం, బొగ్గుబాయిలో కొత్తగా పనికి చేరాడు. తల్లి శంకరవ్వ మంచిదే. వైశాఖంలో ముహూర్తం. ఆయన "నువ్వు బతుకుతవు, జర ఆగు" అన్నాడు. "బతికితె సంతోషమే. బతకకుంటె పిల్ల సంగతి నీకు చాతనైతదా?" అని నేనే మాట ఇచ్చాను. కనకను బడి మాన్పించాను. అది ఏడవలేదు. పుస్తకాలు అటక మీద పెట్టి వంటింట్లోకి వచ్చింది. ఆ రోజు నుంచి నాతో లెక్కగా మాట్లాడుతోంది, అడిగినదానికే జవాబు.

నీకు చెబితే ఒప్పుకోవని తెలుసు. అందుకే చెప్పలేదు.

ఇప్పుడు సూటిగా అడుగుతున్నాను. నాకు ఎన్నేండ్లు ఉన్నాయి? ధైర్యం చెప్పడం కాదు, నిజం చెప్పు. దాన్నిబట్టి నేను చేయాల్సింది ఉంది.

సక్కు


కరీంనగరం,
1963 మార్చి

సక్కుబాయికి,

కనక సంగతి దాచినందుకు కోపంగా ఉంది. మా ఇంట్లో అన్ని రోజులు ఉండి, నా పక్కన కూర్చుని తిని, ఒక్క మాట చెప్పలేదు. ఈ కోపం కొన్నాళ్ళు ఉంటుంది, ఉండనీ.

నువ్వు అడిగిందానికి జవాబు. ఎన్నేళ్ళని ఏ డాక్టరూ చెప్పలేడు. చెబితే అబద్ధం. కింది బిళ్ళలకు పాకింది కనుక మళ్ళీ వచ్చే అవకాశం ఉంది. పై బిళ్ళకు పాకలేదు కనుక రాకపోయే అవకాశం కూడా గట్టిగానే ఉంది. నీలాంటివాళ్ళు చాలామంది ఎన్నో ఏళ్ళుగా మంచిగా తిరుగుతున్నారు, దశరథం గారు చేసినవాళ్ళే ఉన్నారు. ఏటా రెండుసార్లు నాకు చూపించుకోవాలి.

నీ స్థానంలో నేనుంటే బతుకుతాననే లెక్కలోనే పనులన్నీ చేసుకుంటాను. చచ్చే లెక్కలో చేసిన పని ఏదన్నా ఉంటే దాన్ని మళ్ళీ చూసుకుంటాను. మాట నువ్వు ఇచ్చావు, నువ్వే మాట్లాడాలి. ఎవరినో పంపొద్దు.

అనసూర్య


భైంసా,
1963 ఏప్రిల్

అనసూర్యా,

చెన్నూరు పోయి వచ్చాను. కరెంటు అయిపోయి ఇంటికి వచ్చిన వారానికే బయలుదేరాను. అత్త వద్దంది, ఆయన తోడు వస్తానన్నాడు. నేనొక్కదాన్నే పోతానన్నాను, చివరికి మంచిర్యాల దాకా తోడొచ్చి స్టేషను దగ్గర కూర్చున్నాడు.

శంకరవ్వ వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. నన్ను చూసి లేచి నీళ్ళిచ్చింది. నా చెయ్యి చూసింది, పైట చూసింది, ఏమీ అడగలేదు. మంచం మీద కూర్చుని నేను చెప్పేశాను.

"వదినె, నాకు రాచపుండు లేచింది. చచ్చిపోతననుకొని మీకు పిల్లనిస్తనన్న. ఇప్పుడు చస్తలేను. పిల్లకు పదిహేనేండ్లు, చదువుకుంటున్నది. నాలుగేండ్లు ఆగుతరా? ఆగం అంటె మీ ఇష్టం, వేరే సంబంధం చూసుకోండ్రి. నేను తప్పు పట్ట."

ఆమె మిరపకాయలు సవరించుకుంటూ చాలాసేపు కూర్చుంది.  ఆపరేషను బల్ల మీద కూడా అంత భయపడలేదు.

"చస్తలేనని ఎవలు చెప్పిండ్రు?" అంది చివరికి.

"నా దోస్తు. డాక్టరు."

"ఆమెకు నమ్మకమున్నదా?"

"ఉన్నది."

"మరి నీకు?"

అది ఎవరూ నన్ను అడగలేదు, అనసూర్యా. నువ్వు కూడా. అప్పటిదాకా నన్ను నేను కూడా అడిగి చూసుకోలేదు. "ఉన్నది వదినె" అన్నాను. అన్నాక నిజంగానే ఉందని తెలిసింది.

"నా కొడుకు బాయిల దిగి ఆర్నెల్లు గాలే. వానికి గూడ జర నిలదొక్కుకోవాలె. ఆగుతం తీ" అంది. తర్వాత లోపలికి పిలిచి జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. రాజం బాయి నుంచి వచ్చి నన్ను చూసి సిగ్గుపడి దొడ్లోకి పోయాడు. నిమ్మళమైన పిల్లగాడు.

ఇంటికి వచ్చి కనకకు చెప్పాను.  కాసేపటికి అటక మీంచి దుమ్ము రాలుతుంటే చూశాను, పుస్తకాలు దించుతోంది. సగం ఏడు పోయింది కనుక మళ్ళీ తొమ్మిదిలోనే కూర్చోవాలి. "కూసుంట" అంది. ఆ రాత్రి అన్నంలోకి అదే చారు కాచింది. ఉప్పెక్కువైంది. ముగ్గురం తిన్నాం, అత్త మాత్రం తినలేదు.

నీ కోపం పోయిందో లేదో రాయి.

సక్కు


కరీంనగరం,
1963 మే

సక్కూ,

పోయింది.

కనకను సెలవుల్లో ఇక్కడికి పంపు. దాని లెక్కలు నేను చూస్తాను, వంట మా అవ్వ చూస్తుంది.

ఒక సంగతి. నిన్న దశరథం గారు నా గదికి వచ్చి మైక్రోస్కోపు ముందు కూర్చున్నారు. ఎప్పుడూ అలా రారు. "ఆమె పలకలు చూపించు" అన్నారు. చూపించాను. చాలాసేపు చూసి, లేస్తూ, "ఇగ నుంచి నీ మాట వినేదాక నేను పెద్ద కోతకు కత్తి ముట్ట" అన్నారు. ఆ మాట మీదే ఉన్నారు. ఇవ్వాళ కూడా ఒకామె ఆపరేషను జరిగింది. ఆమెకు పై బిళ్ళకు పాకింది. నేనే చెప్పాను. ఆయన మారు మాట్లాడకుండా కుట్టేశారు. అన్నిసార్లూ మంచి కబురు చెప్పలేను, సక్కూ. ఉన్నది చెప్పగలను.

అనసూర్య


భైంసా,
1967 మే

అనసూర్యా,

పెళ్ళికి వచ్చి ముహూర్తం అయ్యీ కాకముందే ఆసుపత్రి అని పరుగెత్తావు. నువ్వు పోయాక జరిగింది రాయకపోతే నాకు తోచదు.

కనక ఏడుస్తుందనుకున్నాను, వాళ్ళ బాపు ఏడ్చాడు. రాజం ఆయన భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కనకకు చెన్నూరు బడిలోనే పంతులమ్మ పని వచ్చేలా ఉందని పెళ్ళిపందిట్లోనే ఎవరో కబురు తెచ్చారు. అది తలంబ్రాల బియ్యం దులుపుకోకుండానే "ఎన్నడు చేరాలె?" అని అడిగింది. చుట్టాలంతా నవ్వారు.

భోజనాలప్పుడు మగపెళ్ళివాళ్ళకు నేనే వడ్డించాను. శంకరవ్వ దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి పట్టుకొని ఆపింది.

"వదినె, నాలుగేండ్లు ఆగుమన్నవు, ఆగినం" అంది. "మేం మాట తప్పలే. నువ్వు గూడ తప్పలే."

"నేనేం మాటిచ్చిన?"

"మా వాకిట్ల కూసొని చెప్పినవు గదా, చస్తలేనని."

 ఆమె విస్తట్లో ఇంకో బూరె వేసి, దాని మీద నెయ్యి పోశాను.

నీ సక్కు